చెయ్యి దూరే సందు

మాది పెంటపాడు. మా పేటలో మట్టి ఎత్తని చెయ్యి లేదు. మా తాతలు కాలవల్లో పూడిక తీసేరు. మా అమ్మా నాన్నా కొల్లేటి వైపు వలసపోయి చేపల చెరువుల గట్లకి మట్టి తవ్వేరు, తట్టల్తో మోసేరు. తర్వాత పొక్లెయిన్లొచ్చేయి. వందమంది చేసే పని ఒక్క బండి చేసేసింది. మా పేటలోంచి ఆ బండెక్కింది మా తమ్ముడొక్కడే. అదీ సీట్లోకి కాదు, హెల్పరుగా.

1999లో ఐదో కాంటూరు దాకా కొల్లేటిని అభయారణ్యం అన్నారు. 2006లో ప్రభుత్వమే చెరువుల గట్లు కొట్టించింది. గట్లు పోసిందీ పొక్లెయినే, కొట్టిందీ పొక్లెయినే. కొన్నాళ్లకి గట్లు మళ్లీ లేచేయి. అప్పుడే తమ్ముడు పనిలో చేరేడు. నేను డిగ్రీ చదువుతున్నాను. మా వంశంలో కాలేజీ గుమ్మం తొక్కింది నేనే మొదలు.

పొక్లెయిన్ బలమంతా నూనెలో ఉంటుంది. పంపు ఆ నూనెని ఒత్తిడితో సిలిండర్లలోకి తోస్తే బకెట్ లేస్తుంది. నూనెలో ఇసకా, ఇనప రజనూ చేరితే పంపు అరిగిపోతుంది. అందుకే దారిలో ఫిల్టర్లు పెడతారు. ఫిల్టర్ మూసుకుపోయినా బండి వెంటనే ఆగదు. నూనె పక్కదారిన వడపోత లేకుండానే తిరుగుతుంది. ఆ నష్టం తర్వాత బయటపడుతుంది.

తమ్ముడి బండికి ఒక ఫిల్టర్ పంపు గదిలో, గొట్టాల వెనకాల ఉండేది. కంటికి కనపడదు. పానా పెడితే తిరిగే చోటుండదు. ఆపరేటరు వంగేవాడు కాదు. "ఒరే, నీ చెయ్యి సన్నం, నువ్వు దూర్చు" అనేవాడు. ఎవరి చెయ్యీ పట్టని చోటికి మా చెయ్యే ఎందుకు పడుతుందో నాకిప్పటికీ చిత్రమే. మురుక్కాలవలో అయినా అంతే, చచ్చిన గొడ్డు దగ్గరైనా అంతే.

అద్దె గంటల లెక్క. బండి చల్లారేదాకా ఆగితే ఓనరుకి నష్టం. ఒకరోజు వేడి మీదే విప్పమన్నారు. నూనె చిమ్మి తమ్ముడి ముంజేయి మోచేతి దాకా కాలింది. ఆస్పత్రి ఖర్చు వాడి కూలిలోనే విరిచేరు.

వాడు చేతికి గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చి, "అన్నయ్యా, ఈ బండికి ఒక పుస్తకం ఉందంటరా. ఓనరు బీరువాలో పెడతాడు. అంతా ఇంగ్లీషే" అన్నాడు. నాలుగు రోజులకి ఆపరేటర్ని బతిమాలి ఆ నాలుగు పేజీలూ జిరాక్సు తీయించుకొచ్చేడు. నేను చదివి తెలుగులో రాసిచ్చేను: బకెట్ నేలకి ఆనించు. ఇంజను ఆపు. నూనె చల్లారనియ్యి. ఇంజను ఆగినా ట్యాంకులో ఒత్తిడి ఉంటుంది, ముందు అది వదిలెయ్యి. తర్వాతే మెల్లిగా విప్పు. కొత్తదాని రబ్బరుకి నూనె రాసి చేత్తో బిగించు.

చెయ్యి కాలకుండా చేసే మాటలన్నీ అందులోనే ఉన్నాయి. అవి బీరువాలో ఉన్నాయి. చెయ్యి మాత్రం బయట ఉంది.

మరుసటిసారి తమ్ముడు, "చల్లారాక విప్పుతానండి, పుస్తకంలో అలాగే ఉందండి" అన్నాడు.

"నువ్వెప్పుడు చదివేవురా?"

"మా అన్నయ్య చదివేడండి."

ఆ వారమే పని మాన్పించేరు. రెండు నెలలు అమ్మ నాట్లకెళ్తే ఇల్లు గడిచింది. నా ఫీజు ఆగిపోయింది. "చదువు వాడి కూడు తీసింది" అన్నవాళ్లూ మా పేటలో ఉన్నారు. వాళ్లని తప్పుపట్టలేను, ఆకలి వాళ్లకీ తెలుసు. కానీ తమ్ముడు ఆ కాగితం చింపలేదు. ఆకివీడు వైపు ఇంకో బండి దొరికితే జేబులో పెట్టుకుని వెళ్లేడు.

ఇప్పుడు వాడు ఆపరేటరు. నేను సర్కారు బళ్లో పంతుల్ని. పిల్లలు "ఇంగ్లీషెందుకు మాస్టారూ" అంటే ఉద్యోగం కోసమని చెప్పను. తమ్ముడి ముంజేతి మచ్చ గురించి చెబుతాను. వాడి దగ్గర హెల్పరుగా చేరిన కుర్రాడు కూడా మా పేటవాడే. ఫిల్టర్ మార్చే ముందు తమ్ముడు వాడిచేత ఆ కాగితం పైకి చదివిస్తాడు.