ఒంటిగంటకి అందరం ఒకే బల్ల దగ్గర

స్కీ రిసార్టుల వెబ్‌సైట్లు ఏవి తెరిచినా మూడు లెక్కలు ముందుంటాయి. ఎన్ని కిలోమీటర్ల స్కీ బాటలున్నాయి, ఎన్ని లిఫ్టులున్నాయి, కొండ ఎంత ఎత్తు. అరవై దాటిన ముగ్గుర్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడికి ఇందులో పనికొచ్చేది ఎత్తు ఒక్కటే. అదీ తిరగేసి చదువుకోవాలి.

నేను జ్యూరిక్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. వచ్చి నాలుగేళ్లయింది. మాది తెనాలి. ఈ ఏడాది ఉగాది అయ్యాక, అక్కడ ఎండలు ముదిరేలోపు, అమ్మనీ నాన్ననీ పెద్దమ్మనీ ఇక్కడికి రప్పించాను. అమ్మకి అరవై ఒకటి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఊరెళ్లాక ఆపరేషన్. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు, బీపీ మాత్రలు వాడతారు. పెద్దమ్మకి అరవై తొమ్మిది. ముగ్గురిలో హుషారు ఆవిడకే ఎక్కువ, చూపు మాత్రం సరిగా ఆనదు. ఈ ముగ్గురూ కలిసి మళ్లీ ఇంత దూరం వస్తారని నాకు నమ్మకం లేదు. వాళ్లకీ లేదు, పైకి అనరంతే.

నాకేమో స్కీయింగ్ పిచ్చి. ఏప్రిల్ దాటితే చాలాచోట్ల మళ్లీ చలికాలం దాకా లేదు. ఒక్క ఏడాది మానెయ్యొచ్చు కదా అని మీరు అనొచ్చు. నేనూ అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "మా కోసం మానేసేటట్టయితే మేం రానే రాం. నువ్వెళ్లి ఆడుకో నాన్నా, మేం రూంలో కూర్చుంటాం" అంది.

నా భయమంతా ఆ చివరి మాటతోనే. మావాళ్లు నిజంగానే కూర్చుంటారు. నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా గేటు పక్కన చెట్టు కింద రెండేసి గంటలు కూర్చుని, నేను క్లాసు అయ్యాక పరిగెత్తుకొస్తే "ఇప్పుడే వచ్చాంరా" అనేవాళ్లు. స్విట్జర్లాండ్‌లో కూడా గది కిటికీ పక్కన అలాగే కూర్చోబెట్టడానికి నేను లక్షలు పెట్టి టికెట్లు కొనలేదు.

వృత్తి దోషం, ఎక్సెల్ షీటు తెరిచాను. స్నేహితులు చెప్పిన పేర్లన్నీ రాసి, పక్కన ఒక్క ప్రశ్న పెట్టుకున్నాను: మధ్యాహ్నం ఒంటిగంటకి నేను స్కీ బూట్లతో, వాళ్లు మామూలు బూట్లతో వచ్చి ఒకే బల్ల దగ్గర కూర్చోగలమా? ఆ ఒక్క గడితోనే సగం పేర్లు ఎగిరిపోయాయి.

అదెందుకో చెప్పాలంటే ముందు ఏప్రిల్ మంచు సంగతి చెప్పాలి. ఈ నెలలో మంచు రోజుకు మూడు వేషాలు వేస్తుంది. పగలు కరిగిన నీరు రాత్రి గడ్డకడుతుంది కాబట్టి పొద్దున్నే బాట గాజులా గట్టిగా ఉంటుంది. ఎండ తగిలాక పది, పదకొండు మధ్య పైపొర సడలి బొంబాయి రవ్వలా పలుకులు పలుకులుగా అవుతుంది. స్కీ చేసేవాళ్లు ఎదురుచూసేది దానికోసమే. ఒంటిగంట దాటితే అదే మంచు జావైపోతుంది, కాళ్లు లాగేస్తాయి, నిటారు వాలుల్లో మంచుచరియల భయం కూడా పెరుగుతుంది. జనవరిలోలాగా తొమ్మిదింటికి మొదటి లిఫ్టు కోసం క్యూలో నిలబడే పని లేదు. ఇంట్లో అందరితో కూర్చుని ఉప్మా తిని, నింపాదిగా బయల్దేరి, మూడు గంటలు మంచి మంచు మీద జారి, భోజనానికి వాళ్లని కలుసుకోవచ్చు. పెద్దవాళ్లకీ కొండ మీద హాయిగా ఉండేది ఆ వేళలోనే. చలి విరిగి ఉంటుంది, వెలుతురు బాగుంటుంది. పెద్దవాళ్లతో వెళ్లాలనుకుంటే సీజన్ మొత్తంలో నేనైతే ఏప్రిల్‌కే ఓటేస్తాను.

చిక్కల్లా ఎత్తుతోనే. ఏప్రిల్‌లో మంచు నిలవాలంటే కొండ ఎత్తుగా ఉండాలి. పెద్దవాళ్లు ఊపిరి తీసుకోవాలంటే ఊరు కిందుండాలి. 3,000 మీటర్ల దగ్గర మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 70 శాతమే. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. పగలు కాసేపు పైకెళ్లి రావడం వేరు, రాత్రి అక్కడే పడుకోవడం వేరు. మా తెనాలి చూస్తే దాదాపు సముద్రంతో సమానంగా ఉండే ఊరు.

ఫ్రాన్స్‌లోని వాల్ తొరాన్స్‌కి వెళ్లమని ఆఫీసులో ఇద్దరు చెప్పారు. అక్కడ ఊరే 2,300 మీటర్ల ఎత్తున ఉంది, యూరప్‌లో అంతకన్నా ఎత్తున ఉన్న స్కీ ఊరు లేదు. గుమ్మంలోనే స్కీలు తొడుక్కుని జారిపోవచ్చు. స్కీ చేసేవాడికి స్వర్గమే. గుమ్మంలోంచి జారడమంటే గుమ్మం ముందే మంచు వాలు ఉన్నట్టు. మోకాళ్లు అరిగిన మనిషి పాల ప్యాకెట్ కోసం కూడా బయటికి రాలేదు. కొట్టేశాను. ఇండియాలో గుల్మార్గ్ ప్లాన్ చేసేవాళ్లు కూడా ఇదొక్కటి చూసుకోండి. అక్కడ ఊరే సుమారు 2,650 మీటర్ల ఎత్తు, గండోలా అక్కణ్నుంచి ఇంకా పైకి పోతుంది.

వెంగెన్ బాగుంటుంది. 1,274 మీటర్లు, కార్లు రావు, రైలు నేరుగా ఊళ్లోకే వెళ్తుంది. కాకపోతే చుట్టూ ఉన్న స్కీ బాటలు 2,500 మీటర్లు దాటవు. ఏప్రిల్ నడిమధ్యకి వాటిని నమ్ముకోలేం.

ఎంగెల్‌బెర్గ్‌ని మాత్రం తేలిగ్గా కొట్టెయ్యలేకపోయాను. ఊరు 1,000 మీటర్ల దగ్గర ఉంటుంది, పైన టిట్లిస్ స్టేషన్ 3,020 మీటర్లు. మన టూర్ బస్సులన్నీ ఆగే కొండే. ఏప్రిల్‌లో కింద పచ్చగడ్డి, పైన మంచు. 1120లో స్థాపించిన బెనెడిక్టైన్ మఠం కూడా ఉంది. జ్యూరిక్ నుంచి రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు కాబట్టి, వాళ్లు వచ్చిన రెండోవారం ఒకరోజు పరీక్షగా వెళ్లి చూశాం.

అక్కడ ఏ వెబ్‌సైటూ ప్రత్యేకంగా రాయని విషయం ఒకటి కళ్లారా చూశాను. గండోలా పెట్టెలు స్టేషన్లో పూర్తిగా ఆగవు. నెమ్మదిగా కదులుతూనే ఉంటాయి, అందులోకి అడుగు వెయ్యాలి. మనకి అది ఎస్కలేటర్ కన్నా తేలిక. చీర, దాని కింద థర్మల్స్, పైన నా పాత జాకెట్, నొప్పి పుట్టే మోకాళ్లు, ఇన్నిటితో అమ్మకది కదిలే బస్సు ఎక్కడమే. అక్కడి ఉద్యోగికి చెబితే వేగం తగ్గించాడు. అడిగితే ఆపుతారు కూడా. అమ్మ ఎక్కింది. కానీ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. మధ్యలో ట్రూబ్‌సే సరస్సు దగ్గర దిగాక "నేనిక్కడే ఉంటా, మీరు పైదాకా వెళ్లి రండి" అంది. ఎవరం వెళ్లలేదు. గడ్డకట్టిన సరస్సు పక్కన ఎండలో కూర్చుని పులిహోర తిన్నాం. నాన్న మాత్రం పైకి పోయే పెట్టెలకేసి చూస్తూనే ఉన్నారు.

అప్పటికి జెర్మాట్‌లో ఒక అపార్ట్‌మెంట్, రద్దు చేసుకునే వీలుతో, బుక్ చేసి ఉంచాను. ఆ రాత్రి దాన్ని ఖాయం చేశాను. ఖర్చు ఎక్కువే. జ్యూరిక్ నుంచి మూడు గంటల పైన ప్రయాణం, విస్ప్‌లో రైలు మారాలి. అయినా జెర్మాట్‌కే మొగ్గడానికి కారణం 1898లో మొదలైన ఒక రైలు.

గోర్నర్‌గ్రాట్ రైలు జెర్మాట్ పెద్ద స్టేషన్‌కి ఎదురుగానే బయల్దేరుతుంది. ఊరు 1,600 మీటర్ల దగ్గర ఉంటే చివరి స్టేషన్ 3,089 మీటర్లు. పట్టాల మధ్య పళ్లపట్టీ ఉంటుంది, రైలు కింద పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. స్కీ చేసేవాళ్లకి అదే లిఫ్టు, చూడ్డానికి వచ్చినవాళ్లకి అదే రైలు. ప్లాట్‌ఫారం దగ్గర పూర్తిగా ఆగుతుంది. కుర్చీలుంటాయి. మధ్యలో రిఫెల్‌బెర్గ్ స్టేషన్ 2,582 మీటర్ల దగ్గర, భోజనశాల దాని పక్కనే. స్కీ బాటలు దాని మీదుగానే పోతాయి. నా షీటులో ఒంటిగంట గడికి నిండు మార్కులు పడింది దీనికే. స్విస్ హాఫ్ ఫేర్ కార్డు ఉంటే టికెట్ సగానికి వస్తుంది. పర్యాటకులకు ఒక నెల కార్డు అమ్ముతారు, మావాళ్లకి వచ్చిన రోజే తీసుకున్నాను.

గది విషయంలో స్టేషన్ నుంచి నాలుగు నిమిషాల నడక, మెట్లు లేని దారి, లిఫ్టు ఉన్న బిల్డింగు అని పట్టుబట్టాను. మోకాళ్ల నొప్పులవాళ్లకి ఎక్కడం కన్నా దిగడం నరకం. పైగా ఏప్రిల్‌లో సందుల్లో కరిగిన నీరు రాత్రి గడ్డకట్టి పొద్దున్నే జారుతుంది. బూట్ల కింద తొడుక్కునే ముళ్ల పట్టీలు దొరుకుతాయి, చవకే, తప్పకుండా కొనండి. నల్లకళ్లద్దాలు కూడా. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. ఆఖరికి వంటిల్లు. హోటల్ గది తీసుకుని ఉంటే రోజూ రెండుపూటలా ఏం తినాలన్న చర్చే మాకు సరిపోయేది. స్టేషన్ దగ్గరే సూపర్‌మార్కెట్ ఉంది, రైస్ కుక్కర్ నా బ్యాగులో ఉంది, ఆవకాయ పెద్దమ్మ బ్యాగులో ఉంది.

ఆరోగ్యం సంగతి తెనాలిలోనే డాక్టరుని అడిగించాను. బీపీ అదుపులో ఉంది, తొందరపడకుండా ఎక్కండి, పైన ఎక్కువసేపు ఉండొద్దు అన్నారు. ఇన్సూరెన్స్ కాగితంలో ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి ఏం రాశారో చదివాకే డబ్బు కట్టాను. షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల కవరేజీ అడుగుతారు, కానీ ఆ అంకె చూసి ఊరుకుంటే చాలదు.

మొదటిరోజు మబ్బు. కొండ కనబడలేదు. మ్యాటర్‌హార్న్ మ్యూజియానికి వెళ్లాం. 1865లో మొదటిసారి ఆ శిఖరం ఎక్కిన ఏడుగురిలో నలుగురు దిగేటప్పుడు పడి చనిపోయారు. అప్పుడు తెగిన తాడు ముక్క అక్కడ అద్దాల పెట్టెలో ఉంది. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడి, "నువ్వు జారేటప్పుడు తాడు కడతారా?" అని అడిగారు. స్కీయింగ్‌లో తాడు ఉండదని చెప్పాను. ఆయన ఇంకేం అడగలేదు. రాత్రి అమ్మ పెరుగన్నంలోకి ఊరగాయ వేస్తూ "రేపు నువ్వు మాకు కనబడేచోటే ఆడుకోకూడదూ?" అంది. ఆ ఆలోచన అమ్మదో నాన్నదో నాకు తెలుసు.

రెండోరోజు మబ్బు విడిపోయింది. కొండ చూసి పెద్దమ్మ "ఇది చాక్లెట్ డబ్బా మీదదే కదా!" అంది. నిజమే, టోబ్లరోన్ మీద చాలాకాలం ఉన్నది అదే. పదింటికి నలుగురం ఒకే రైలెక్కాం. వాళ్లు రిఫెల్‌బెర్గ్‌లో దిగారు, నేను ఇంకా పైకి వెళ్లాను. అక్కడ బాట కొంతదూరం పట్టాల పక్కనే సాగుతుంది. దిగడం, మళ్లీ రైలెక్కి పైకి పోవడం, రిఫెల్‌బెర్గ్‌లో రైలు ఆగినప్పుడల్లా కిటికీలోంచి వాళ్లకి చెయ్యి ఊపడం. నాలుగోసారి చూస్తే నాన్న బెంచీ మీద లేరు. ప్లాట్‌ఫారం చివర నిలబడి చిన్న పుస్తకంలో ఏదో రాస్తున్నారు.

ఒంటిగంటకి బల్ల దగ్గర కూర్చున్నాక ఆ పుస్తకం చూపించారు. నేను ఏ రైల్లో పైకి పోయానో, ఎన్ని నిమిషాలకి కిందికొచ్చానో అన్నీ రాశారు. ఇరవై తొమ్మిదేళ్లు ట్రిప్ షీట్లు నింపిన చేతిరాత. "మూడో ట్రిప్పు ఎనిమిది నిమిషాలు లేటు. ఏమైంది?" అన్నారు. గాగుల్స్ తుడుచుకోవడానికి ఆగానని చెప్పాను. "అదే అనుకున్నాం" అంది అమ్మ. ఆమె ముఖం చూస్తే ఆ ఎనిమిది నిమిషాలూ అలా అనుకున్నట్టు లేదు.

పెద్దమ్మ ఆలుగడ్డ రోస్టీ తిని, ఇందులో పచ్చిమిర్చి పడితే బాగుండేదని తీర్పు చెప్పింది. మంచు అప్పటికే జావ. నేను స్కీలు అద్దె కొట్టువాడికి ఇచ్చేసి సాయంత్రమంతా వాళ్లతోనే తిరిగాను.

మూడోరోజు ఆఖరి స్టేషన్ దాకా అందరం వెళ్లాం. అరగంట ఉన్నాం. నాన్న రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు, అంతే. ఇంకా పైన 3,883 మీటర్ల దగ్గర మరో స్టేషన్ ఉంది, కేబుల్‌కార్‌లో పోవచ్చు. దాని మాట నేను ఎత్తలేదు. పెద్దమ్మ బ్రోషర్‌లో బొమ్మ చూసి అడిగితే అక్కడ చలి ఎక్కువని చెప్పాను.

అమ్మకి మొన్న జూన్‌లో కుడి మోకాలి ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపీ జరుగుతోంది. రోజుకి ఎన్ని అడుగులు వేసిందో నాన్న అదే పుస్తకంలో రాస్తున్నారట, నా ట్రిప్పుల తర్వాత పేజీ నుంచి. నిన్న వీడియో కాల్‌లో అమ్మ అడిగింది, ఆ సరస్సు దగ్గర్నుంచి పైకి పోయే పెట్టె కూడా కదులుతూనే ఉంటుందా, లేక ఆగుతుందా అని.