పసుపు పేటెంటూ, మా నాన్న కాలి వేళ్ళూ

మొన్న మా హేతువాద మిత్రుల నెలవారీ సమావేశానికి ఒకాయన పసుపు క్యాప్సూళ్ళ సీసా పట్టుకొచ్చారు. రిటైరైన లెక్కల మాష్టారు. జాతకాలు నమ్మరు, బాబాలను నమ్మరు. వాస్తు పేరు చెప్పి మంచి గోడ పడగొట్టించాడని సొంత తమ్ముడితో ఏడాది పాటు మాట్లాడని మనిషి. అలాంటాయన సీసా బల్ల మీద పెట్టి, "ఇదేదో నాటు వైద్యం అనుకునేరు. కాదండీ. అమెరికా యూనివర్సిటీలో రీసెర్చి చేసి పేటెంట్ తీసుకున్న ఫార్ములా. లేబుల్ మీద నెంబరు కూడా వేశాడు, చూడండి" అన్నారు. వాళ్ళ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులకూ, షుగరుకూ కలిపి పనిచేస్తుందని వాడుతున్నారట. నెలకు రెండు వేల పైచిలుకు ఖర్చు.

సీసా అందరి చేతులూ మారింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే ఒక తాయెత్తు తెచ్చి ఉంటే అరగంట సేపు దుమ్ము దులిపేవాళ్ళం. యూనివర్సిటీ, పేటెంట్ అనే రెండు మాటలు వినేసరికి మా నోళ్ళు మూతపడ్డాయి.

ఆ రెండు మాటలకు నేనూ ఒకప్పుడు పడిపోయాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకేమంత గౌరవం కాదు. అయినా చెబుతాను.

మాది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. నాన్న ఎకరంన్నరలో పసుపు వేసేవాడు. తవ్వకాలయ్యాక పెద్ద బాణళ్ళలో ఉడకబెట్టడం, కళ్ళంలో ఆరబోయడం, కొమ్ములూ కాయలూ వేరుచేసి యార్డుకు తోలడం, ఇదంతా చూస్తూ పెరిగాను. మా ఇంట్లో వేలు తెగితే మందుల డబ్బా కోసం ఎవరూ వెతకరు. గుప్పెడు పసుపు అద్దేస్తారు. మా నానమ్మ అలాగే చేసేది, ఆమె అత్తగారూ అలాగే చేసేదట.

1997 ఆగస్టులో పేపర్లలో పెద్ద వార్త వచ్చింది. అమెరికాలో పసుపు మీద ఇచ్చిన పేటెంటును అక్కడి పేటెంట్ ఆఫీసు తిరస్కరించింది, భారతదేశం గెలిచింది అని. నేనప్పుడు తెనాలిలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో హేతువాద సభల్లో ఉపన్యాసాలిస్తూ ఉండేవాణ్ణి. ఆ ఆదివారం ఊరికి వెళ్ళి అరుగు మీద కూర్చుని ఆ వార్తను నాన్నకు గట్టిగా చదివి వినిపించాను. పసుపు పండించే మనిషికి అంతకంటే ఏం కావాలి? పేపరు నా చేతిలోంచి తీసుకుని, ఆ ముక్క కత్తిరించి పంచాంగంలో పెట్టుకున్నాడు. (మా నాన్న హేతువాది కాదు. నా ఉపన్యాసాలు ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.)

ఆ నెలలోనే ఒక సభలో అదే విషయం మీద మాట్లాడాను కూడా. తెల్లవాళ్ళు మన పసుపును దొంగిలించబోయారన్నాను. ఆ పేటెంటు నిలిచి ఉంటే మన వంటింట్లో పసుపు వాడినందుకు అమెరికాకు కప్పం కట్టాల్సి వచ్చేదన్నాను. అమెరికా యూనివర్సిటీ వాళ్ళే పసుపు గాయాలు మాన్పుతుందని ఒప్పుకున్నారు కదా, ఇక శాస్త్రీయమైన రుజువు ఇంకేం కావాలన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. అందులో ఒక్కటీ నిజం కాదు.

మరుసటి ఏడు పసుపు ఆరబోసే రోజుల్లో నాన్న ఎండకు కాలిన కళ్ళంలో చెప్పుల్లేకుండా తిరిగాడు. అప్పటికి ఎనిమిదేళ్ళుగా షుగరు. అరికాలు మొద్దుబారింది. బొటనవేలి కింద బొబ్బ లేచి చితికినా ఆయనకు నొప్పి తెలియలేదు. తెలిశాక పసుపూ నూనె కలిపి కట్టు కట్టుకున్నాడు. అమ్మ డాక్టరు దగ్గరకు వెళ్దామంటే పంచాంగంలోంచి పేపరు ముక్క తీసి చూపించాడట. అలా మూడు వారాలు గడిచాయి. వాసన వస్తోందని అమ్మ కబురు పెడితే వెళ్ళాను. గుంటూరులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో వారం ఆగితే పాదమే పోయేదన్నారు.

మంచం మీద పడుకుని నాన్న నన్ను తిట్టలేదు. "అమెరికా వాళ్ళు రాసిచ్చారని నువ్వే గదరా చదివావు" అన్నాడు, అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పసుపు మా నాన్న వేళ్ళను కుళ్ళబెట్టలేదు. షుగరు, చచ్చిపోయిన నరాలు, సరిగా ఆడని రక్తం, చేరిన క్రిములు ఆ పని చేశాయి. పసుపు చేసిందల్లా మూడు వారాలు ధైర్యం ఇవ్వడం. మొదటి వారమే వెళ్ళి ఉంటే వేళ్ళు దక్కేవని కూడా నేను ప్రమాణం చేసి చెప్పలేను. దక్కే అవకాశం మాత్రం పోయింది.

చాలా ఏళ్ళకు, ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక, ఆ పేటెంటును ప్రింటు తీసుకుని మొదటిసారి చదివాను. నెంబరు 5,401,504. మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ పేరున 1995 మార్చి 28న ఇచ్చారు. కనిపెట్టినవాళ్ళుగా సుమన్ దాస్, హరిహర్ కోహ్లీ అని రెండు పేర్లున్నాయి. ఇద్దరూ భారత సంతతివాళ్ళే! తెల్లవాళ్ళ దొంగతనం అన్న నా ఉపన్యాసం అక్కడే సగం పోయింది. వాళ్ళు కోరిన హక్కు సారాంశం ఇంతే: గాయమైన మనిషికి పసుపు పొడి పైన రాసి గానీ, లోపలికి ఇచ్చి గానీ గాయం మాన్పే పద్ధతి. మా నానమ్మ చేసింది అదే కదా! ఆ పత్రంలోనే, ఇండియాలో బెణుకులకూ వాపులకూ పసుపును చాలాకాలంగా వాడుతున్నారని కూడా రాసి ఉంది.

కప్పం సంగతీ అంతే. అమెరికా పేటెంటు అమెరికాలోనే చెల్లుతుంది. దుగ్గిరాల వంటింట్లో కాదు, డల్లాస్ వంటింట్లో పప్పులో పసుపు వేసుకున్నా దానికి సంబంధం లేదు. అది కూర మీద పేటెంటు కాదు.

మరి దాన్ని ఎందుకు కొట్టేశారు? అసలు కిటుకు ఇక్కడుంది. మాషేల్కర్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న సీఎస్ఐఆర్ 1996 అక్టోబరులో దాన్ని తిరిగి పరిశీలించమని అడిగింది. ముప్పై రెండు ఆధారాలు చూపించింది. వాటిలో పాత సంస్కృత గ్రంథమూ ఉంది, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో 1953లో వచ్చిన వ్యాసమూ ఉంది. ఇది పాత సంగతే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదని తేలింది. అంతే. కేసంతా నడిచింది ఒక్క ప్రశ్న మీద: ఇది కొత్తదా, కాదా? పసుపు గాయాన్ని మాన్పుతుందా అని అక్కడ ఎవరూ పరీక్ష పెట్టలేదు. వాది పక్షానికీ, ప్రతివాది పక్షానికీ అది వివాదమే కాదు. అయినా దేశమంతా ఆ తీర్పును పసుపు పనిచేస్తుందనడానికి సర్టిఫికెట్టుగా చదువుకుంది. చదివి వినిపించినవాళ్ళలో నేనొకణ్ణి.

ఇంకో తమాషా. అప్పటి అమెరికా చట్టం ప్రకారం వేరే దేశంలో జనం వాడుకలో ఉన్నంత మాత్రాన లెక్కలోకి రాదు, అచ్చులో ఉండాలి. కోట్ల మంది నానమ్మల సాక్ష్యం చెల్లదు, జర్నల్లో ఒక్క పేజీ చెల్లుతుంది. ఆ నిబంధన 2013లో అమల్లోకి వచ్చిన మార్పుతో పోయింది. ఈ కేసుల అనుభవంతోనే మన ప్రభుత్వం 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టింది. మంచి పనే. అయితే దానిలో చేరిన ప్రతి చిట్కా పనిచేస్తుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టుగా ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఇప్పుడూ కనిపిస్తారు. ఫలానా మాట ముందే ఎవరో అన్నారని ఆ లైబ్రరీ చెబుతుంది. అన్నమాట నిజమేనా అన్నది వేరే పని. ఆ పని ఎవరో ఒకరు ఆసుపత్రిలో రోగుల మీద చేసి చూడాలి.

యూనివర్సిటీలు ఎందుకిలా పేటెంట్ల వెంట పడ్డాయని మాష్టారు అడిగారు. 1980లో అమెరికాలో బై–డోల్ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన మీద కూడా హక్కును యూనివర్సిటీ తన దగ్గరే ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. దానితో ప్రతి క్యాంపస్‌లోనూ పేటెంట్లు చూసే ఆఫీసు ఒకటి వెలిసింది. ఆ ఆఫీసు గుమ్మం దాటే కాగితాలన్నీ ఒక్క బరువు ఉండవు. కొన్ని లోకాన్ని మారుస్తాయి, కొన్ని నానమ్మ చిట్కాలు. ముద్ర మాత్రం రెంటికీ ఒకటే. ఉపయోగం ఉండాలని పేటెంట్ చట్టం అడుగుతుంది, నిజమే. కానీ పేటెంట్ ఆఫీసు కాగితాలు చదువుతుంది, రోగులను చూడదు. మందు పనిచేస్తుందో లేదో చూసే ఎఫ్‌డీఏ వేరు. మా సీసా మీద పేటెంట్ నెంబరుంది. ఆ రెండో సంస్థ పేరు ఎక్కడా లేదు.

ఇదంతా విని నేను పేటెంట్లకు వ్యతిరేకం అనుకుంటే పొరపాటు. వేళ్ళు పోయాక నాన్న పదమూడేళ్ళు బతికాడు. ఇన్సులిన్ మీద బతికాడు. ఆ చిన్న సీసాలో యూనివర్సిటీ పేటెంట్లు రెండున్నాయని నాకు తర్వాత తెలిసింది.

మొదటిది టొరంటో యూనివర్సిటీది. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. సరిగా పనిచేయలేదు. సూది గుచ్చినచోట చీము గడ్డ లేచింది. కాలిప్ అనే బయోకెమిస్టు ఆ ద్రవాన్ని శుద్ధి చేశాక 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి రక్తంలో చక్కెర దిగింది. మరుసటి ఏడాది, 1923లో, అమెరికా పేటెంటు వచ్చింది. బాంటింగ్, బెస్ట్, కాలిప్ తలా ఒక డాలరు తీసుకుని హక్కులను యూనివర్సిటీకి రాసిచ్చేశారు. ఒక డాలరే అయితే పేటెంటు ఎందుకు? ఇంకెవరో తీసుకుని గుత్తాధిపత్యం చేయకుండా, నాసిరకం సరుకు ఆ పేరుతో అమ్మకుండా. యూనివర్సిటీ ఒక కమిటీ వేసి, తయారీదారుల సరుకు బలాన్ని పరీక్షించింది. అంటే అక్కడ పేటెంటు రుజువు కాదు, కంచె. రుజువు ఆ పిల్లవాడి రక్తంలో ముందే దొరికింది.

రెండోది స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా యూనివర్సిటీలది. స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ ఒక జీవి జన్యువును బాక్టీరియాలో పెట్టి పెంచే పద్ధతి కనిపెట్టారు. 1980 డిసెంబరులో మొదటి పేటెంటు వచ్చింది. దానిపై పాతిక కోట్ల డాలర్లకు పైగా లైసెన్సు ఫీజు వచ్చింది. డాలరుకు ఇచ్చిన టొరంటో వాళ్ళు పుణ్యాత్ములు, వీళ్ళు దురాశాపరులు అని నేననను. 1982లో ఆమోదం పొందిన హ్యూమన్ ఇన్సులిన్ ఈ దారిలోంచే వచ్చింది, అదే మా నాన్న పొద్దునా సాయంత్రం పొడుచుకున్నది. కానీ ఆ మందును కూడా పేటెంటు చూసి ఎవరూ ఒప్పుకోలేదు, రోగుల మీద పరీక్షలు చూసి ఒప్పుకున్నారు.

మళ్ళీ మాష్టారి సీసా దగ్గరకు వద్దాం. పసుపులోని కర్క్యుమిన్ మీద అప్పటికే జరిగిన 120కి పైగా ట్రయల్స్‌ను మిన్నెసోటా యూనివర్సిటీ కెమిస్టు కేథరీన్ నెల్సన్, ఆమె సహచరులు 2017లో పరిశీలించారు. అది శరీరంలో నిలవదు, సరిగా ఇంకదు, ప్రయోగశాల పరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది, కట్టుదిట్టంగా చేసిన ఒక్క ట్రయల్లోనూ నెగ్గలేదని రాశారు. అయితే నిజం చెప్పాలంటే ఇంకోటీ ఉంది. 2020లో ఆస్ట్రేలియాలో 70 మంది మోకాళ్ళ నొప్పి రోగుల మీద చేసిన పన్నెండు వారాల ట్రయల్లో పసుపు సారం తీసుకున్నవాళ్ళకు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళకంటే నొప్పి కొంత తగ్గింది. కీలులోని వాపు, నీరు తగ్గలేదు. 70 మంది అంటే చిన్న ట్రయలే. అయినా లేబుల్ మీద నెంబరుకంటే వంద రెట్లు నయమైన ఆధారం. ఈ రెండూ మాష్టారికి చెప్పాను. ఆయన మొదటిది విని ముఖం చిట్లించి, రెండోది విని, "చూశారా మరి!" అన్నారు. నాకు నవ్వొచ్చింది. 1997లో నేనూ ఇలాగే నాకు కావలసినదే విన్నాను.

"మోకాళ్ళకు మీ ఇష్టం మాష్టారూ, డాక్టరుకు చెప్పి వాడుకోండి. షుగరుకు ఇస్తూ అసలు మందు ఆపలేదు కదా?" అని అడిగాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. పొద్దుటి మాత్ర ఆపేశారట, రెండు నెలలైంది.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దావిడకు ఎనభై దాటాయి. కాఫీ ఇస్తామంటే తర్వాత తాగుతానని చెప్పి, ఒకసారి మీ పాదాలు చూపించండమ్మా అన్నాను. వింతగా చూసి, మొహమాటపడుతూ కాళ్ళు చాపింది. ఎడమ మడమ పగిలి ఉంది, లోతుగా. వేలితో నొక్కితే తెలియడం లేదంది. పగుళ్ళలో పసుపు రాసుకుంది. సోమవారం డాక్టరుకు చూపించారు. మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు, మడమకు రోజు విడిచి రోజు కట్టు మారుస్తున్నారు. క్యాప్సూళ్ళు కూడా మింగుతూనే ఉందట.