బండి ఆగితే ఎవరికి ఫోన్ చేస్తాం?

కారు ఇన్సూరెన్స్ రెన్యూ చేసేటప్పుడు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అన్న చోట టిక్కు పెట్టేసి ముందుకెళ్ళిపోతుంటాం. కొన్ని వందలేగా అనుకుంటాం. ఆఫీసులో స్పెసిఫికేషన్లు లైను లైనూ చదివే మనం ఆ ఒక్క పేజీ మాత్రం చదవం!

నా మటుకు నేను మూడు చూస్తాను. ఒకటి, కారు కంపెనీ ఇచ్చిన అసిస్టెన్స్ ఇంకా నడుస్తోందా? నడుస్తుంటే మళ్ళీ కొనడం దండగ. రెండు, బండిని ఎన్ని కిలోమీటర్లు ఉచితంగా లాక్కెళ్తారు? ఇంటికీ ఆఫీసుకీ తిరిగేవాడికి తక్కువ దూరమైనా చాలు. పండక్కి పిల్లాపాపలతో హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం వెళ్ళేవాడికి చాలదు, మిగతాది జేబులోంచే కట్టుకోవాలి. మూడు, ఏడాదికి ఎన్నిసార్లు పిలవొచ్చు? పంక్చరు, బ్యాటరీ, పెట్రోలు అయిపోవడం లెక్కలోకి వస్తాయా? పార్టుల ఖర్చు మామూలుగా మనదే.

అన్నట్టు, జాతీయ రహదారి మీదైతే 1033 ఉంది, 24 గంటలూ పలుకుతుంది. క్రేన్ వచ్చి బండిని దారికి అడ్డం లేకుండా తీస్తుంది. మన మెకానిక్ దాకా చేర్చే పూచీ మాత్రం దానిది కాదు. మనం డబ్బు కట్టేది ఆ మిగిలిన దూరానికే. అర్ధరాత్రి సూర్యాపేట దాటాక పనికిరానిది ఎంత చవగ్గా వచ్చినా దండగే కదా!

ఈసారి టిక్కు పెట్టే ముందు ఆ పేజీ ఓసారి చదవండి.