చలికాలపు పానపాత్ర

ధనుర్మాసము వచ్చినది మొదలు సాయంకాలమగుసరికి వేడివేడిగా నేదైన త్రాగవలెనని మన యిండ్లలో పిల్లలును పెద్దలును కోరుచుందురు. ఇది సహజము. అయితే యీ కోరిక తీర్చుటకు నేడొక క్రొత్త పద్ధతి గృహములలో ప్రవేశించినది. మద్యమునందు పండ్లరసములను, పాకమును, సుగంధద్రవ్యములను కలిపి, అందముగా నలంకరించి, యింటియందే అతిథుల కందిచ్చుట యొక విద్యగా నెంచబడుచున్నది. దీనికే కాక్‌టెయిల్ అని పేరు. పట్టణములందలి కొన్ని యిండ్లలోను, అమెరికాలో స్థిరపడిన మనవారి కొందరి యిండ్లలోను చలిదినములందు ఈ వినోదము సాగుచున్నది. దీని మాట వినగానే మూతి ముడుచుకొనుట కంటె, కొంచెము తెలిసికొని యాలోచించుట గృహిణులకు మేలని నా యభిప్రాయము.

1806వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రమందలి హడ్సన్ పట్టణపు పత్రిక యొకటి యీ మాటకర్థము చెప్పుచు, మద్యము, చక్కెర, నీరు, చేదు ద్రవ్యము అను నాల్గింటి కలయిక యని వ్రాసినది. అనగా నీ విద్యయంతయు రుచులను తూచి కలుపుటయందే యున్నది. ఏటేట ఉగాది పచ్చడి కలుపు చేతులకు ఈ సంగతి క్రొత్త కాదు. మరియు చలిదేశములవారు వేడిగా త్రాగు రెండు పానీయముల పేర్లు మన దేశమునుండియే పోయినవి. 'టాడీ' యనునది ఉత్తరాదివారు తాటికల్లును పిలుచు 'తాడీ' యను మాటనుండి పుట్టినది. 'పంచ్' యనునది అయిదు ద్రవ్యములు చేరుటచే మన 'పంచ' శబ్దమునుండి కలిగెనని పలువురు నిఘంటుకారుల మతము.

మద్యము చలిని పోగొట్టునను నమ్మకము మాత్రము సరికాదు. అది చర్మమునందలి సన్నని రక్తనాళములను విప్పార్చును. లోపలి వెచ్చని రక్తము పైకి వచ్చుటచే ఒడలు వేడెక్కినట్లు తోచును. ఆ వేడి చర్మముగుండ వెలుపలికి పోవుటచే శరీరము నిజముగా చల్లబడును. ఇక తీపియు పులుపును మద్యపు ఘాటును కప్పివేయుటచే, ఎంత లోపలికి పోయినదో త్రాగువానికే తెలియదు. ఆదిపర్వమునందలి కచుని కథ మీరెరిగినదే. సురలో కలిపిన శిష్యుని భస్మమును శుక్రాచార్యుడంతటివాడే యెరుగక త్రాగెను. పాత్రలో నేమున్నదో తెలియకపోవుటయే యీ వ్యసనమునకు మొదటి మెట్టు.

మన స్త్రీలు ఈ విషయమున పడిన పాట్లు సామాన్యములు కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటయందు, అప్పుడప్పుడే అక్షరములు దిద్దుకొనుచున్న పేదస్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ కదలిక రాష్ట్రమంతట ప్రాకెను. 1993లో సారాయి నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. ఈ రెండవది 1997లో సడలిపోయినది. పాత్ర మట్టిదైన నేమి, స్ఫటికమువంటి గాజుదైన నేమి? లోపలి పదార్థమొక్కటే గదా.

మా మరిది యొకప్పుడు ఈ యలవాటుచే చాల నష్టపడి, మూడేండ్లక్రిందట దానిని విడిచినాడు. విడుచుట యొక కష్టము. విడిచిన పిమ్మట నలుగురిలో కూర్చుండుట మరియొక కష్టము. బంధువులయింట శుభకార్యమున నందరికిని రంగురంగుల పాత్రలందించి, అతనికి మాత్రము వట్టి మంచినీళ్లు పెట్టిరట. "ఒక్క గుక్కకేమగును?" అని యొకరు, "పాపము!" అని మరియొకరు అనిరట. అతడు భోజనము చేయకయే వచ్చివేసినాడు.

మొన్నటి సంక్రాంతికి అతడును, చికాగోనుండి మా అక్కగారి కుమారుడును మాయింటికి వచ్చిరి. ఆ పిల్లవానికి పానీయములు కలుపుట సరదా. నేనతనితో, "నాయనా, నీ విద్య చూపుము, కాని మద్యపు చుక్క లేకుండ, అందరికిని ఒక్కటే కలుపవలెను" అంటిని. అతడు నవ్వి, "పిన్నీ, అదే అసలు కష్టమైన పరీక్ష" అనెను. ఇద్దరమును వంటయింట చేరితిమి.

మేము చేసినది నలుగురికి సరిపడు కొలతతో చెప్పెదను. నాలుగు గ్లాసుల నీటిలో అరచెంచా శొంఠిపొడి, నలుగగొట్టిన మిరియములు పది, లవంగములు నాలుగు, వ్రేలెడు దాల్చినచెక్క వేసి సన్ననిసెగపై పది నిమిషములు మరిగింపవలెను. దింపి, తేయాకు రెండు చెంచాలు వేసి, మూడు నిమిషములు మూతపెట్టవలెను. మద్యమిచ్చు బిగువును తేయాకు వగరు ఇచ్చును. గొంతులోని వేడిని మిరియములు, శొంఠి ఇచ్చును. పిమ్మట నిమ్మకాయంత తాటిబెల్లము కరగించి వడియగట్టవలెను. తాటిచెట్టునుండి దిగిన నీరు పులిసిన కల్లగును. పులియకమునుపే కాచిన బెల్లమగును. టాడీకి పేరిచ్చిన చెట్టే మా పాత్రకు తీపి నిచ్చినది! కొంచెము ఆరినపిదప ఒక నిమ్మకాయ రసము పిండవలెను. మరుగునపుడు పిండిన సువాసన పోవును. కడపట నారింజతొక్కను ప్రతి పాత్రమీదను వంచి నొక్కినచో సన్నని తుంపరగా నూనె పడును. దానిలోని చిరుచేదే యీ పానీయమునకు ప్రాణము. మధుమేహము కలవారు తాటిబెల్లమును గూడ మితముగానే వాడవలెను.

అందరును ఒకేవిధమైన పాత్రలతో పొయ్యిచుట్టు చేరిరి. మా వారు బడి కబుర్లు చెప్పి నవ్వించిరి. రాత్రి పడుకొనబోవుచు మరిది నాతో, "వదినా, ఈ పూట నా గ్లాసువంక ఎవరూ చూడలేదు" అనెను. అంతకంటె నేమియు ననలేదు.

సోదరీమణులారా! మన యింటికి వచ్చినవారిలో త్రాగుట మానినవారెవరో, మానవలెనని లోలోపల పోరాడుచున్నవారెవరో మనకు తెలియదు. కావున "ఏల త్రాగవు?" అని యడుగరాదు. వద్దన్నవారికి పిల్లలకిచ్చినట్లు వేరుగా నేదో పెట్టరాదు. వారికి తెలియకుండ పానీయములోగాని పిండివంటలోగాని మద్యము కలుపుట మహాపాపము. అందరికిచ్చు పాత్రలోనే, అంత శ్రద్ధతోనే కలిపి యిండు. చలికాలమున నతిథి కోరు వెచ్చదనములో సగము పొయ్యిమీదిది; తక్కిన సగము గృహిణి మనసులోనిది.