ఆకలికి సూదిమందు

ఆదివారం పొద్దున్నే టీచరమ్మ ఫ్రిజ్ తెరుస్తుంది. గుడ్ల అర పక్కన, కరివేపాకు డబ్బా వెనకాల చిన్న అట్టపెట్టె. అందులోంచి వేలెడంత సీసా తీసి, సిరంజిలోకి అర మిల్లీలీటరు మందు లాగి, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో ఎత్తిపట్టి పొడుచుకుంటుంది. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. మళ్లీ ఆదివారం దాకా ఆ పనే లేదు. ఆ తర్వాత చీర సర్దుకుని, వినాయక్‌నగర్ నుంచి ఆటోలో నిజామాబాద్ బస్టాండుకు వెళ్లి బోధన్ బస్సెక్కుతుంది. అక్కడ తమ్ముడి ఇంట్లో అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. ఆదివారమంటే అమ్మ చేతి మటన్ కూర, జొన్నరొట్టె.

ఆకలి చంపే సూది ఒంట్లోకి ఎక్కించుకుని తిండి పెట్టే అమ్మ దగ్గరికి ప్రయాణం. 2025లో మొదలైంది ఈ వరస.

ఆవిడకు యాభై రెండేళ్లు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, అప్పటి బరువు 94 కిలోలు. ఎనిమిదేళ్లుగా షుగర్. ఈ మాటకు బోధన్‌లో ఒకప్పుడు అర్థం వేరు. అక్కడ షుగర్ అంటే రోగం కాదు, నౌకరీ! నిజాంసాగర్ కాలువ నీళ్లతో చెరకు విరగపండిన రోజుల్లో, 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. దాని పేరనే శక్కర్‌నగర్ వెలసింది. టీచరమ్మ నాన్న ఆ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. తమ్ముడూ అందులోనే చేరాడు. గానుగ ఆడే నెలల్లో ఊరంతా కమ్ముకునే బెల్లపు పాకం వాసన ఆవిడ చిన్నతనానికి గుర్తు. ఇప్పుడు అదే చక్కెర ఆవిడ రక్తపరీక్ష కాగితం మీద అంకెగా మిగిలింది.

తగ్గడానికి చేయని ప్రయత్నం లేదు. తెల్లవారుజామున నడక, రాగిజావ, కొర్రన్నం, రాత్రిపూట రెండు పుల్కాలు. నాలుగు కిలోలు తగ్గేది, ఐదు కిలోలు పెరిగేది. డాక్టరు దగ్గరికి పోయినా, పేరంటానికి పోయినా ఒకటే మాట: ‘కాస్త నోరు కట్టుకోవాలమ్మా!’ ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్‌కి మిరపకాయ బజ్జీలు వస్తే, తను చేయి చాపకముందే ఎవరో ఒకరు నవ్వేవారు. ఆవిడా నవ్వేది. రాత్రి పడుకున్నాక మాత్రం ‘క్లాసులో నలభై మందిని అదుపులో పెట్టేదాన్ని, నా నోటిని పెట్టలేనా’ అని తనను తాను తిట్టుకునేది.

ఖలీల్‌వాడిలో డాక్టరు ఈ మందు రాసింది అప్పుడే. పేరు టిర్జెపటైడ్. మౌంజారో అన్న పేరుతో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. షుగర్‌కీ, బరువుకీ రెండింటికీ వాడతారు. భోజనం చేయగానే మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ని వదులుతాయి. అది ‘చాలు, కడుపు నిండింది’ అని మెదడుకు కబురు చేరుస్తుంది. అయితే దాని ఆయుష్షు రెండు నిమిషాలే. వారం పాటు నిలిచేలా దానికి నకలు తయారు చేయడమే ఈ మందుల కిటుకు. కడుపులోంచి తిండి కూడా నిదానంగా కిందికి దిగుతుంది. వీటిలో మొదటిది 2005లో అమెరికాలో అనుమతి పొందింది. దాని మూలం ఏమిటనుకున్నారు? ఎడారిలో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలం! ఇది విన్న అమ్మ ఆ రోజు టీచరమ్మను వంటింటి గడప తొక్కనివ్వలేదు. నకలు చేసిన మందే గానీ బల్లి లేదమ్మా అని చెప్పినా వినలేదు.

మొదటి రెండు వారాలు వేవిళ్లలా వికారం. మూడో వారంలో జరిగింది అసలు సంగతి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి సగం తిని మూత పెట్టేసింది. ఎవరూ వద్దనలేదు, తనూ బిగబట్టుకోలేదు. చాలనిపించింది, అంతే. సాయంత్రం బజ్జీలు వచ్చాయి. చూసింది, మళ్లీ పేపర్లు దిద్దుకుంది. బడి ముగిసి ఇంటికొచ్చాక గానీ గుర్తుకు రాలేదు, పొద్దుటినుంచీ తిండి గురించి ఒక్కసారి కూడా అనుకోలేదని. ముప్పై ఏళ్లుగా తలలో మోగుతున్న రేడియో ఎవరో కట్టేసినట్టయింది.

ఆవిడకు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. అంటే సన్నగా ఉన్నవాళ్లందరికీ పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉంటుందా? వాళ్లు నోరు కట్టుకుంటున్నారని తను అనుకున్నదంతా ఇదేనా? అర మిల్లీలీటరు నీటిమందుకు లొంగిపోయే దానికోసం ఇన్నేళ్లూ తనను తాను తిట్టుకుందా?

అమ్మ లెక్క వేరు. పళ్లెంలో సగం రొట్టె మిగలడం ఆమెకు అవమానం. ‘ఏం బిడ్డా, నా చేతి కూర చేదైందా?’ అని మొదటి నెలంతా అలిగింది. మందు ఖరీదు తెలిశాక అలక కాస్తా వేరే రూపం తీసుకుంది. మొదటి నెల మోతాదు సీసా మూడున్నర వేలు, ఆ తర్వాతది 4,375 రూపాయలు. వారానికొకటి చొప్పున నెలకు 17,500. ‘మేం ఆకలిని ఉత్తగనే అణచుకున్నం. నువ్వు దాన్ని చంపేటందుకు పైసలు పెడ్తున్నవ్’ అంది.

ఆ మాటకు జవాబు లేదు. ఎందుకంటే ఆ ఇంట్లో ఆకలి నిజంగానే కూర్చుని పోయింది. 2002లో ఫ్యాక్టరీలో యాభై ఒక్క శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి తాళం వేశారు. తమ్ముడి జీతం ఆగిపోయింది. ఆటో కొనుక్కునే దాకా టీచరమ్మ జీతంలోంచే ఆ ఇంటికి బియ్యం, పప్పు వెళ్లాయి. ఆ రోజుల్లో అమ్మ ‘నాకు ఆకలి లేదు’ అని ఎన్నిసార్లు అబద్ధమాడిందో కూతురికి తెలుసు. ఇప్పుడు కూతురు అదే మాట నిజంగా అంటోంది. అమ్మ నమ్మడం లేదు.

దసరా నాటికి ఆవిడ 84కి దిగింది. మోకాళ్ల నొప్పి తగ్గింది, షుగర్ మాత్రల్లో ఒకటి మానేయమన్నారు. సద్దుల బతుకమ్మ రోజు అమ్మ చేసిన మలీద ముద్ద ఒక్కటి తీసుకుని నిదానంగా తిన్నది. ఆకలి లేకపోయినా రుచి ఎక్కడికీ పోలేదని అప్పుడు తెలిసింది.

అందరి కళ్లూ పడ్డాయి. తమ్ముడి కూతురి కళ్లు మరీ. కార్తీకంలో దాని పెళ్లి. ‘అత్తమ్మా, ఆరు కిలోలు తగ్గితే చాలు, నాకూ రాయించవా?’ అని అడిగింది. ఇది స్థూలకాయానికి మందే గానీ పెళ్లి ఫొటోలకు కాదని, డాక్టరు చూడకుండా ముట్టుకోవద్దని టీచరమ్మ చెప్పింది. పిల్ల విన్నట్టే తలూపింది. తెలిసినవాళ్ల ద్వారా చీటీ లేకుండానే తెప్పించుకుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాల్సింది, ఒకేసారి పెద్ద మోతాదు పొడుచుకుంది. రెండు రోజులు ఆగకుండా వాంతులు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. పిల్ల కోలుకుంది గానీ, తన ఫ్రిజ్‌లోని పెట్టె చూసే దానికా ఆశ పుట్టిందన్న బాధ టీచరమ్మను చాలా రోజులు వదల్లేదు.

పెళ్లి ఖర్చుకు తమ్ముడు అడగలేదు. అడగకుండానే ఆవిడ నవంబరులో సీసాలు కొనడం మానేసింది. ఆ డబ్బు పెళ్లికిచ్చింది. డాక్టరు ముందే హెచ్చరించారు. ఇదే కోవకు చెందిన సెమాగ్లూటైడ్ మానేసినవాళ్లు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగారని 2022లో అచ్చయిన అధ్యయనం చెప్పిందట. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే. అయితే బీపీ మాత్ర నెలకు పదిహేడు వేలు కాదు కదా! ఆ సెమాగ్లూటైడ్‌కు మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే. చవక రకం తయారీకి సిద్ధపడ్డ కంపెనీల్లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ ఒకటి. అది తను వాడినది కాదు, దానికి దగ్గరి చుట్టం. మారడమా, మానడమా అన్నది డాక్టరే చెప్పాలి.

సంక్రాంతి తర్వాతి ఆదివారం. బరువు 87. బస్సు జానకంపేట, ఎడపల్లి దాటింది. ఒకప్పుడు చెరకు బండ్లు బారులు తీరిన దారిలో రెండు పక్కలా వరి మళ్లు. శక్కర్‌నగర్ దగ్గరికి రాగానే టీచరమ్మ కడుపులో చిన్నగా మెలిపెట్టింది. ఆవిడ దాన్ని గుర్తుపట్టింది. ఈసారి తిట్టుకోలేదు.

ఇంట్లోకి అడుగు పెట్టగానే అమ్మ ఎప్పటిలాగే అడిగింది.

‘తింటవా బిడ్డా? లేకుంటే ఇయ్యాల కూడా వద్దంటవా?’

‘ఆకలైతున్నదమ్మా.’

అమ్మ ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత గబగబా వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద పెనం పెట్టి రొట్టె కొట్టడం మొదలుపెట్టింది. చేతుల చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. టీచరమ్మ పీట వాల్చుకుని కూర్చుంది. సోమవారం బడి అయిపోయాక ఖలీల్‌వాడికి పోవాలి. ఆ సంగతి అమ్మకు తిన్న తర్వాత చెబుతుంది.