కుక్క వేషం

మా అన్న కూతురికి పదకొండేళ్ళు. పోయిన వేసవిలో నేను నాయుడుపేట వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. "అత్తా, మా స్కూల్లో క్విజ్ ఉంది. టిన్‌టిన్ మీద ఒక రౌండంట. నువ్వు ప్రశ్నలు, జవాబులు రాసియ్యి, నేను బట్టీ పట్టేస్తా" అంది. సాహిత్యంలో నేను చేసిన డాక్టరేట్ మా ఇంట్లో ఎవరికైనా పనికొచ్చిన మొదటి సందర్భం బహుశా అదే.

సంతోషంగా కూర్చున్నాను. ఆ బొమ్మల కథలు వేసిన హెర్జే అసలు పేరేమిటి? జార్జ్ రెమీ. ఆ రెండు పొడి అక్షరాల్నీ తిరగేసి ఫ్రెంచిలో పలికితే హెర్జే. టిన్‌టిన్ మొదట ఎప్పుడు కనపడ్డాడు? 1929 జనవరి 10న, బ్రస్సెల్స్ నుంచి వచ్చే ఒక పత్రిక పిల్లల అనుబంధంలో. మొత్తం పుస్తకాలెన్ని? ఇరవై నాలుగు. చివరిది పూర్తి కాకుండానే 1983లో హెర్జే చనిపోయాడు. ఆ గీతల్ని అలాగే 1986లో అచ్చు వేశారు. మన దేశంలో ఏ రాజ్యానికి వచ్చాడు? గైపజామా. అలాంటి రాజ్యం ఎక్కడా లేదు, అది వేరే సంగతి. ఇలా రెండు పేజీలు నిండాయి.

పిల్ల వేలు పెట్టి జవాబులన్నీ చదివింది. "అన్నీ మగోళ్ళ పేర్లే ఉండాయేందత్తా?" అంది. కాసేపాగి, "టిన్‌టిన్‌కి అమ్మ లేదా?" అనడిగింది.

లేదు. అమ్మ లేదు, అక్క లేదు, చెల్లెలు లేదు. వంట ఎవరు చేస్తారో, ఆ నీలం స్వెట్టర్ ఎవరు ఉతుకుతారో తెలియదు. ఈ సంగతి నాకు కొత్తేమీ కాదు. పదేళ్ళ వయసులో ఒంటిమీద అనుభవించినదే.

మద్రాసులో ఉండే మా మామయ్య కొడుకు సెలవలకు వచ్చినప్పుడల్లా పేవ్‌మెంటు మీద కొన్న పాత టిన్‌టిన్ పుస్తకాలు తెచ్చేవాడు. అట్టలు ఊడిపోయి, మొదటి పేజీలో ఎవరివో పేర్లు కొట్టేసి ఉండేవి. రైలెక్కితే మద్రాసు మాకు రెండు మూడు గంటలే. మాకు టిన్‌టిన్ బెల్జియం నుంచి రాలేదు, మద్రాసు నుంచి వచ్చాడు. తెలుగులో కాదు, ఇంగ్లీషులోనే వచ్చాడు. సగం మాటలు అర్థమయ్యేవి కావు. కెప్టెన్ హాడాక్ తిట్లు మాత్రం అర్థం కాకపోయినా నోటికొచ్చేవి. బెంగాలీ పిల్లలు మాకంటే అదృష్టవంతులు. 1975 నుంచే ఆనందమేళాలో వాళ్ళు తమ భాషలో చదువుకున్నారు. నీరేంద్రనాథ్ చక్రవర్తి అనువాదంలో కుక్కపిల్ల పేరు కుట్టూస్. ఆ పేరు వింటేనే ముద్దొస్తుంది.

వేసవిలో స్వర్ణముఖిలో నీళ్ళుండవు, ఇసకే. ఆ ఇసకలో సాయంత్రాలు టిన్‌టిన్ ఆట ఆడేవాళ్ళం. మా అన్న టిన్‌టిన్. మామయ్య కొడుకు హాడాక్. పక్కింటి కవల పిల్లలు మీసాలు దిద్దుకుని థాంసన్, థాంప్సన్. నేనెవరు? "ఆడోళ్ళ వేషం లేదు గదమే. నువ్వు కుక్క" అన్నాడు అన్న. న్యాయమైన మాటే. పుస్తకం అంతా వెతికాను, నాకు వేషం దొరకలేదు. అందుకని రెండు వేసవులు స్నోయీగా ఇసకలో నాలుగు కాళ్ళ మీద నడిచాను. మోకాళ్ళు దోక్కుపోయేవి. అమ్మ కొబ్బరినూనె రాస్తూ, "ఆడపిల్లవి, మోకాళ్ళు అట్టా చేసుకుంటే ఎట్టామే" అనేది. కుక్క వేషం గురించి ఆమె ఏమీ అనలేదు. మోకాళ్ళ గురించే ఆమె బాధంతా.

అయితే ఆ కుక్క పేరు అసలు స్నోయీ కాదు. ఫ్రెంచిలో మిలూ. హెర్జే పద్దెనిమిది, ఇరవయ్యేళ్ళ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇష్టపడిన అమ్మాయి మరీ లూయీజ్ వాన్ కుట్సెమ్. ఆమె ముద్దుపేరు మిలూ. ఈ కుర్రాడికి భవిష్యత్తు లేదని ఆమె తండ్రి ఒప్పుకోలేదంటారు. ఆ స్నేహం తెగిపోయింది. పేరు మాత్రం కుక్కకు మిగిలింది. కథలో అది మగకుక్క. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ పేరూ పోయింది. ఈ సంగతి నాకు పిహెచ్.డి. రోజుల్లో గ్రంథాలయంలో తెలిసింది. పుస్తకం మూసి బయటికొచ్చి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను. నవ్వాలో, ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ పుస్తకాల్లో పేజీపేజీకీ ఒక ఆడపిల్ల పేరుంది. అది పెట్టిన చోటు అది.

మొత్తం ఆడవాళ్ళే లేరా అంటే ఉన్నారు. చెప్పుకోదగ్గ మనిషి ఒక్కతే, ఒపేరా గాయని బియాంకా కస్టాఫియోరే. తెల్లని పవిత్ర పుష్పమని ఆ పేరుకు అర్థం, మనిషి భారీగా ఉంటుంది కాబట్టి అదొక హాస్యం. నోరు తెరిస్తే అద్దాలు పగులుతాయని భయం. హాడాక్ పేరు సరిగ్గా పలకదు. ఎక్కువగా మాట్లాడే ఆడది, లావుపాటి ఆడది, ఒంటరి ఆడది - నవ్వించడానికి ఇవి చాలని మన సినిమాలకూ తెలుసు. ఆడవాళ్ళు హాస్యానికి లొంగరు, వాళ్ళను వెక్కిరించడం ఇష్టం లేకే బొమ్మల్లోకి తేలేదని హెర్జే సంజాయిషీ ఇచ్చుకునేవాడు. కస్టాఫియోరేను చూశాక ఆ మాట నమ్మడం కష్టం.

కానీ మళ్ళీ చదివితే ఆమె నాకు వేరేగా కనపడింది. 'కాలిక్యులస్ అఫైర్'లో టిన్‌టిన్‌నీ హాడాక్‌నీ తన గదిలో బట్టల బీరువాలో దాచి, పోలీసు అధికారిని కబుర్లలో పెట్టి కాపాడింది ఆమే. తన పాటతో తను బతుకుతుంది. ఊళ్ళూ దేశాలూ తిరుగుతుంది. ఎవరి అనుమతీ అడగదు. ఆమె దగ్గర పనిచేసే ఇర్మా అంటే నాకు ఇంకా ఇష్టం. 'కస్టాఫియోరే ఎమరాల్డ్'లో నగ పోయినప్పుడు ఒకేలా కనిపించే ఆ ఇద్దరు డిటెక్టివులు ఆమె మీదే అనుమానపడతారు. ఇంట్లో ఏది పోయినా మొదట పనిమనిషినే కదా చూసేది! ఇర్మా ఏడుస్తుంది, తర్వాత చేతికర్ర తీసుకుని ఇద్దర్నీ బాదుతుంది. 1963 నాటి పుస్తకం. నగ తీసింది చివరికి ఒక పక్షి. దొంగలని అందరూ అనుమానించిన జిప్సీలూ కాదు, ఇర్మా కూడా కాదు.

ఇక్కడ ఒక మాట. ఆడవాళ్ళ సంగతొక్కటే పట్టుకుని మిగతాది వదిలేస్తే అన్యాయమవుతుంది. 1931లో పుస్తకంగా వచ్చిన కాంగో కథలో నల్లవాళ్ళను చూపించిన తీరు సిగ్గుచేటు. దాని అమ్మకాన్ని ఆపమని వేసిన కేసును 2012లో బ్రస్సెల్స్ కోర్టు కొట్టేసింది. కొట్టేసినంత మాత్రాన ఆ బొమ్మలు మంచివైపోవు. ఆ పుస్తకం నేను మా పిల్లకు ఇవ్వలేదు.

బొమ్మల్లో ఆడవాళ్ళు లేరు గాని బొమ్మల వెనక ఉన్నారు. మొదటి భార్య జెర్మేన్ కీకెన్స్. ఆ రాత్రి భోజనంలోకి ఏం చేశావని అడిగితే ఆమె చెప్పిన చేప పేరే హాడాక్ అయిందని కథ. హెర్జే స్టూడియోలో రంగుల పని చాలా ఏళ్ళు చూసుకున్నది జొసెట్ బోజో. 1956లో రంగులు వెయ్యడానికి వచ్చిన ఫానీ వ్లామింక్ తర్వాత 1977లో ఆయన రెండో భార్య అయింది. నా చిన్నప్పుడు నన్ను పట్టేసింది గీత కాదు, రంగే. టిబెట్ కథలో ఆ మంచు తెలుపు! అట్ట మీద మాత్రం ఒక్క పేరే. మన చందమామలో 'తోకచుక్క' లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా ఏళ్ళ తరబడి పాఠకులకు తెలియదు గదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. పేరు లేకపోవడం మగవాళ్ళకూ జరిగింది. కానీ ఆడవాళ్ళ విషయంలో అది ఎవరికీ లోటుగా కూడా అనిపించదు.

నాకూ అనిపించలేదు. 1958 నుంచి టిన్‌టిన్‌ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఇద్దరు - మైకేల్ టర్నర్, లెస్లీ లాన్స్‌డేల్ కూపర్. ఆ పేర్లు చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. లెస్లీ అంటే మగవాడనే అనుకున్నాను. ముప్పయ్యేళ్ళు దాటాక తెలిసింది, ఆమె స్త్రీ. స్వర్ణముఖి ఇసకలో మేం అరిచిన తిట్లు, మా మొదటి ఇంగ్లీషు, ఒక ఆడమనిషి కూర్చిన మాటలు. స్త్రీవాద సాహిత్యం మీద పరిశోధన చేసిన నాకే తట్టలేదు.

ఇది రాస్తూ దాటేద్దామనుకున్న విషయం ఒకటుంది. నేను పరిశోధన చేసే రోజుల్లో ఒక పెద్దాయన కోసం పద్నాలుగు తెలుగు కథలు ఇంగ్లీషు చేశాను. పుస్తకం వచ్చింది, అనువాదం ఆయన పేరుతో. ముందుమాటలో "చేదోడుగా నిలిచిన ఒక విద్యార్థిని" అని ఉంది. ఇంటికి తీసుకెళితే అమ్మ కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "నీ పేరు యాడుందిమే?" అంది. లోపలుంది లేమ్మా అన్నాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆ అబద్ధం అందుకే నప్పింది. అది ఆయన చేసిన దానికంటే ఎక్కువగా నన్ను బాధపెడుతుంది.

ఈ వేసవిలోనే ఆ పుస్తకం రెండో ముద్రణకు వస్తోందనీ, "నీకు బాగా తెలుసు కాబట్టి" అచ్చుతప్పుల జాబితా పంపమనీ కబురొచ్చింది. పది రోజులుగా పంపుదామా వద్దా అని తేలలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా పిల్ల వాళ్ళ నాన్నను పరీక్ష పెట్టింది. "నాన్నా, స్నోయీ అసలు పేరు ఎవురిది?" అన్న ముద్ద ఆపి ఆలోచించాడు. "ఏమో, ఎవురో సైంటిస్టుదా?" "కాదు, ఆడపిల్లది!" అన్న నావైపు చూశాడు. "ఆ ఇసక ఆట ఇంకా మర్చిపోలేదామే నువ్వు?" అన్నాడు. "మోకాళ్ళకి మచ్చలుండాయి గదా, ఎట్టా మర్చిపోద్ది" అంది అమ్మ, చారు పోస్తూ.

పొద్దున్నే లేచి జాబితా టైపు చేశాను. ముప్పై ఏడు తప్పులు తేలాయి. ఒకటో నంబరు: మొదటి పేజీ, అనువాదకుల పేరు. ఎదురుగా నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.