డెక్కు మీద నాలుగు కన్నాలు

సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే మంచిది, బద్దగా మోగితే ఎక్కడో పగులుంది. సియాటిల్‌లో, షిల్‌షోల్ మెరీనాలో, స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో పడవ డెక్కుని అంగుళం అంగుళం కొడుతూ కూచున్నప్పుడు ఆవిడే గుర్తొచ్చింది.

27 అడుగుల తెరచాప పడవ, వయసులో నాకంటే పెద్దది. నేనూ ఓ స్నేహితుడూ కలిసి కొన్నాం. డెక్కు ఫైబర్‌గ్లాస్ అంటారుగానీ నిజానికది శాండ్‌విచ్. పైనా కిందా గ్లాస్ పొరలు, మధ్యలో బాల్సా చెక్క. తేలిక, అడుగేస్తే వంగదు. చెక్కపోగులు నిలువుగా ఉండేట్టు ముక్కలు పేరుస్తారు కాబట్టి నీళ్ళు పక్కలకి పాకడం కష్టం. కష్టమే, అసాధ్యం కాదు. దిగిన ప్రతి స్క్రూ పైపొరకి ఓ కన్నం. సీలెంట్ ఏదో ఒకనాటికి వదిలేస్తుంది. లోపలికెళ్ళిన నీరు బయటికి రాదు. చెక్క కుళ్ళుతుంది.

పోయిన అక్టోబర్లో మా అమ్మాయి రెయిలింగ్ గుంజ పట్టుకుని వొంగితే అది కదిలింది. అడుగునుంచి డికాషన్ రంగు నీళ్ళు ఊరాయి. ఆరేళ్ళ పిల్ల, కింద వణికించే చలినీళ్ళు. ఆ రాత్రంతా పడవ అమ్మినవాణ్ణి నోరారా తిట్టుకున్నాను.

తర్వాత కొడుతూపోతే, బద్ద మోత వచ్చిన రెండో చోటు కాఫీకప్పుల స్టాండు చుట్టూ. అది బిగించింది నేనే! రెండేళ్ళ కింద, నాలుగు స్క్రూలు, కాస్త సిలికాన్, పదినిమిషాల పని. ఇతరుల పుస్తకాల్లో తప్పులేరడం నాకు సరదా. ఇది మాత్రం ఇంట్లో చెప్పడానికి వారం పట్టింది.

చెయ్యాల్సింది పెద్ద విద్యేం కాదు. బోల్టుకి కావలసినదానికంటే పెద్ద కన్నం తొలవాలి. తడి చెక్క ఆరాలి, కుళ్ళింది పోవాలి. కింద టేపు అంటించి, ముందు పలచటి ఎపాక్సీ తాగించి, తర్వాత సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీతో నింపాలి. గట్టిపడ్డాక దాని మధ్యలోంచి అసలు కన్నం వెయ్యాలి. అప్పుడు సీలెంట్ ఊడినా నీటికి దొరికేది ఎపాక్సీ గోడే, చెక్క కాదు. పైన బ్యూటిల్ టేపు. సిలికాన్ వద్దు, అది అంటుకున్నచోట తర్వాత ఇంకేదీ అంటదు.

గుంజ దగ్గర ఇదేం సరిపోలేదు. పైపొర కోసి, తడిసిన అట్టలా ఉన్న బాల్సాని చెంచాతో గీకి తీశాను. సియాటిల్ చలికాలంలో ఆరబెట్టడమంటే తెలుసుగా, టార్పాలిన్ కింద నెలల తరబడి. ఖర్చు సగం ఇస్తానన్నాడు స్నేహితుడు, స్టాండుది తప్ప.

స్టాండు మళ్ళీ పెట్టలేదు. కన్నాలు పూడ్చినచోట రంగు కలవక నాలుగు మచ్చలున్నాయి. మా అమ్మాయి గుంజని ఊపి చూసి, "గట్టిగానే ఉంది నాన్నా" అంది. లైఫ్‌జాకెట్ పట్టీ మాత్రం నేను వదల్లేదు.